డ్రాయరు తిన్న నేల

ఇలా దగ్గరికి జరుగమ్మడూ. ఆ ఫోను బోర్లా పెట్టు. నేల డ్రాయరు తినడం ఎక్కడైనా విన్నావా? మా మామగారిది తినేసింది. అవును, మీ తాతయ్య వాళ్ళ నాన్నగారిదే. అప్పుడే నవ్వకు, అసలు సంగతి ఇంకా మొదలు కాలేదు.

నేను కాపురానికి వచ్చిన కొత్త. ఇంట్లో పెత్తనమంతా మా అత్తగారిది. ఏ తలుపు ముందు గడియ పెట్టాలో, పొలంలో ఏ విత్తనం వేయాలో ఆవిడే చెప్పాలి. ఏటా మొక్కజొన్న, మొక్కజొన్న, మళ్ళీ మొక్కజొన్న. పశువుల పాక వెనక చిన్న నేల చెక్క ఉంటే, కాళ్ళావేళ్ళా పడి అడిగి అందులో రెండు పంటలు బొబ్బర్లు వేశాను. ఆ ఇంట్లో నా మాట చెల్లే చోటు అదొక్కటే. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అక్కడే తిరిగేదాన్ని. మొక్కలకి చాడీలు కూడా చెప్పేదాన్ని. ఎవరి మీదో వేరే చెప్పాలా?

మూడో పంటకి విత్తనాలు తీస్తుంటే అత్తగారు వచ్చి నిలబడ్డారు.

"చాల్లే పిల్లా నీ ఆట. ఆ చెక్క కూడా పొలంలో కలిపేద్దాం. మొక్కజొన్న వేద్దాం."

నాకు కాళ్ళ కింద నేల లాగేసినట్టయింది. నిజంగానే లాగేస్తున్నారు కదా మరి!

ఆ వారమే మట్టి పరీక్షలు చేసే ఆవిడ స్కూటరు మీద మా వాకిట్లోకి వచ్చింది. నా గోడు వింది. మొక్కజొన్న చేనులో మట్టి తీసి చూసింది, ఇటుకముక్కలా ఉంది. నా చెక్కలో తీసి చూసింది, వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలింది.

"దీనికి యంత్రాలెందుకమ్మా? కొత్త నూలు డ్రాయర్లు రెండు తీసుకోండి. ఒకేలాంటివి. అక్కడొకటి, ఇక్కడొకటి జానెడు లోతున పాతండి. రెండు నెలలకి నేనొచ్చి తవ్వి, ఏ నేల బాగుందో చెప్తాను" అంది.

ఆ మాట వినగానే మా మామగారు కుర్చీలోంచి లేచి చడీచప్పుడు లేకుండా లోపలికి నడిచారు. ఎందుకంటే ఆ ఇంట్లో కొత్త డ్రాయర్లు ఉన్నది ఆయనకే. ఆ ముందు రోజే దర్జీ కుట్టి ఇచ్చాడు.

"ఆగండి. ఎక్కడికి?" అన్నారు అత్తగారు.

"ఇంత పెద్ద ఇంట్లో నీకు నావే కనిపించాయా?"

"కొత్తవి, ఒకేలాంటివి అంటోందిగా. మీరింకా తొడుక్కోనైనా లేదు. బెంగెందుకు?"

"తొడుక్కోలేదనేగా బెంగ!"

ఆయన గోల ఎవరు వింటారు? అత్తగారు నా వైపు తిరిగి పందెం కట్టారు. "ఏ నేల బాగుందని తేలితే రెండు చోట్లా ఆ పంటే. నీది గెలిస్తే పొలంలో ఏం వేయాలో నువ్వే చెప్పు. నాది గెలిస్తే మళ్ళీ బొబ్బర్ల ఊసెత్తకు. సరేనా?"

సరేనన్నాను. అనక ఏం చేస్తాను?

విత్తనాలు వేసిన రోజే డ్రాయర్లూ పాతాం. మామగారు రెండు గుంటల దగ్గరా తల దించుకుని నిలబడ్డారు, దగ్గరి చుట్టాన్ని సాగనంపుతున్నట్టు.

రెండు నెలలు నాకు నిద్ర లేదు. గడువు రోజున మట్టి ఆవిడ వచ్చేదాకా ఆగమంటే అత్తగారు ఆగితేనా? తెల్లారేసరికి గునపంతో తయారు. పిలవకుండానే దర్జీ కూడా వచ్చాడు. "నా చేతి పనమ్మా. ఎలా ఉందో చూసుకోవద్దూ?" అన్నాడు.

ముందు మొక్కజొన్న చేనులో తవ్వారు. డ్రాయరు బయటికొచ్చింది. దులిపితే కాస్త మాసింది, అంతే. బొందు కూడా కట్టినట్టే ఉంది.

"చూశారా నా కుట్టు!" అన్నాడు దర్జీ.

తర్వాత నా చెక్కలో తవ్వారు. నైలాను బొందు వచ్చింది. దాని వెనకాల నైలాను దారంతో వేసిన కుట్లు వచ్చాయి, చేప ముల్లులా. మధ్యలో గుడ్డ లేదు! అత్తగారు దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తితే అందులోంచి అవతల పొలం కనిపించింది.

"ఇదీ నా కుట్టే! గుడ్డ పోయినా కుట్టు ఊడలేదు!" అని దర్జీ గంతేశాడు.

"ఇందులో నేనేం దూర్చుకోనురా?" అన్నారు మామగారు.

అత్తగారి ముఖం వెలిగిపోయింది. "తేలిపోయింది! నా నేల నమ్మకస్తురాలు. దాచమన్నది దాచినట్టు తిరిగిచ్చింది. నీది దొంగనేల. బట్టనే మింగింది, రేపు విత్తనాన్ని వదులుతుందా? కాయలు కోసుకో, దున్నించేస్తాను."

దర్జీ తలూపాడు. మీ తాతయ్య కూడా ఊపాడు, అది వేరే సంగతి, తర్వాత చెప్తాను ఆయన పని. ఆ చెక్క పోతే నాకింకేముంది? ఎలాగో నోరు పెగుల్చుకున్నాను.

"అత్తయ్యా, ఒక ఇంటి ముందు అన్నం పెట్టి వచ్చారనుకోండి. రెండు నెలల తర్వాత వెళ్తే విస్తరి విస్తరిలాగే ఉంది. ఏమనుకుంటారు?"

"ఆ ఇంట్లో ఎవరూ లేరనుకుంటాను."

"మరి మీ నేలలో?"

అత్తగారు మొక్కజొన్న చేనులోకి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, గుంటలోకి వంగారు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

నువ్వు నమ్మవు గానీ, మేమంతా ఊపిరి బిగబట్టి జవాబు కోసం చూశాం! సరిగ్గా అప్పుడే మట్టి ఆవిడ స్కూటరు దిగింది. ఐదుగురం గుంటలోకి వంగి ఉన్నాం. ఎవరైనా పడ్డారేమోనని పరుగెత్తుకొచ్చింది.

సంగతి విని కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నా బొబ్బరి మొక్కనొకదాన్ని మెల్లిగా తవ్వి తీసింది. వేళ్ళ నిండా చిన్న చిన్న బుడిపెలు. ఒకటి గోటితో చీలిస్తే లోపల గులాబి రంగు.

"ఇవి ఇళ్ళమ్మా. కంటికి కనపడని జీవులు ఇందులో కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకి తిండిగా మార్చి పెడతాయి. మొక్క వాటికి తీపి పెడుతుంది. పంటయ్యాక వేళ్ళూ ఆకులూ మట్టిలో కుళ్ళితే ఇంకెన్నో జీవులు తిని బతుకుతాయి. డ్రాయరు తిన్నది వాళ్ళే. చిటికెడు మట్టిలో కోట్ల మంది ఉంటారు. మీ మొక్కజొన్న చేనులో ఏటా ఒకటే పంట, ఒకటే తిండి. జనం పలచబడ్డారు."

అత్తగారు నోరు తెరిచారు. "కోట్ల మందా! అంతమందిని ఇన్నేళ్ళూ పస్తు పెట్టానా?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు తినకుండా వెళ్తే ఆవిడకి ఆ రోజంతా తల నొప్పే.

లేచి, చీర దులుపుకుని, నా వైపు చూడకుండానే అన్నారు. "చెప్పవే. పొలంలో ఏం వేద్దాం?"

"ఈ మొక్కజొన్న కోశాక బొబ్బర్లు వేద్దామత్తయ్యా. ఆ తర్వాత మొక్కజొన్న. మార్చి మార్చి."

"నేనూ అదే అనబోతున్నాను" అన్నారు. అననీ! గెలిచింది నేనే కదా.

ఆ సాయంత్రం అత్తగారు దర్జీకి ఇంకో రెండు డ్రాయర్లు పురమాయించారు. మామగారు సంబరపడిపోయారు. తీరా చూస్తే అవి వచ్చే ఏటి పరీక్షకట!

నీకు పిల్లలు పుట్టాక వాళ్ళకీ చెప్పు ఈ కథ. మర్చిపోకు. చెప్పేటప్పుడు మా అత్తగారిని మరీ గయ్యాళిని చెయ్యకమ్మా. ఓడిపోయిన రోజున కోడలిని అడిగి మరీ విత్తనం వేసిన మనిషి ఆవిడ.