కొసరుగా వచ్చిన టెస్టర్

నేను ఒక టెస్టర్‌ని. కరెంటు పనివాళ్ల చొక్కా జేబులో పెన్ను పక్కన కనిపించే సన్నపాటి స్క్రూడ్రైవర్‌ని మీరు చూసే ఉంటారు. పసుపురంగు పిడి, పిడి లోపల బియ్యపుగింజంత దీపం, నెత్తిన లోహపు టోపీ. నా కొనను తీగకు ఆనించి టోపీ మీద బొటనవేలు వేస్తే, తీగలో కరెంటు ఉంటే వెలుగుతాను, లేకపోతే ఊరుకుంటాను. నా అంగట్లో ఉన్న సరుకు ఈ రెండు మాటలే: ఉంది, లేదు. మూడో మాట ఎంత బేరమాడినా దొరకదు.

అయితే ఒక షరతు ఉంది. నన్ను పట్టుకున్న మనిషి ఒంటిలోంచి రవ్వంత కరెంటు నేలకు దిగితేనే నా దీపం వెలుగుతుంది. అది మనిషికి తెలియనంత తక్కువ. అలా కట్టడి చేసే ముక్క ఒకటి నా కడుపులో పెట్టారు. అంటే నా వ్యాపారంలో మనిషి వాటాదారు. అతను నేలను వదిలేస్తే నాకు మాట పడిపోతుంది.

ఒక కార్ఖానాలో పొడవాటి బల్ల మీద పుట్టాను. ఒక ఆడమనిషి నాలో దీపం పెట్టింది, పక్కనామె స్ప్రింగు పెట్టింది, ఆ పక్కనామె టోపీ బిగించి ఒక తీగకు ఆనించి చూసింది. వెలిగాను కాబట్టి సరుకులో కలిపింది. నాతోపాటు పుట్టింది ఒకటి వెలగలేదు, అది చెత్తబుట్టలో పడింది. మాకు పుట్టినరోజే పరీక్ష. మనుషులు తమ పిల్లలకు కొన్నేళ్లు గడువిస్తారట.

అక్కణ్ణుంచి కాకినాడ మెయిన్ రోడ్డులో శేషావతారం గారి ఎలక్ట్రికల్ షాపుకు వచ్చాను. నన్ను అమ్మకానికి వేలాడదీయకుండా ఆయన తన బల్ల మీదే ఉంచుకున్నాడు. వ్యాపారమంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. చౌక వైరు అడిగినవాడికి ఆయన కాదనేవాడు కాదు. తీస్తూ తీస్తూ, "ఇది మీరుండే ఇంటికాండీ, అద్దెకిచ్చే ఇంటికా?" అని మాత్రం అడిగేవాడు. అడిగించుకున్నవాళ్లలో చాలామంది కాసేపు గోడకేసి చూసి మంచి వైరు పట్టుకెళ్లేవారు.

నూకరాజు అనే వైర్‌మన్ ఒకసారి చాలా సరుకు తీసుకుని బేరానికి దిగాడు.

"ఇంత పట్టుకెళ్తన్నాను గదండి, ఏదోటి తగ్గించండి బాబూ."

"తగ్గించేదేం లేదు. ఇదిగో, ఈ టెస్టర్ పట్టుకెళ్లు. నా చేతికి అలవాటుపడ్డ సామాను, నీకూ కలిసొస్తుంది."

అలా కొసరుగా చేతులు మారాను. కొసరుగా వచ్చినదానికి విలువ తక్కువ. నూకరాజు నాతో రంగు డబ్బాల మూతలు లేపాడు, గోడల్లో మేకుల బెజ్జాలు కెలికాడు, ఎండాకాలంలో వీపు గోక్కున్నాడు. ప్రాణం మీద పందెం కాసే సామానుతో వీపు గోక్కునే ధైర్యం మనిషికి తప్ప ఇంకెవరికీ ఉండదు. అయినా ఏ తీగనైనా ముట్టుకునే ముందు నన్ను అడక్కుండా అతను ముట్టుకోలేదు. ఆ ఒక్క పద్దు కింద మిగతావన్నీ మాఫీ చేశాను.

ఒక వేసవిలో అతన్ని పట్టాభి గారింటికి పిలిచారు. పట్టాభి ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగి. ఇల్లు పాతది, మేడ మీద గది తర్వాత వేసుకున్నది. కిందటి వానాకాలం ఆయన తల్లి వరాలమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. వాకర్ పట్టుకుని కొద్దికొద్దిగా నడుస్తోంది. లైటు వెయ్యాలన్నా కోడల్ని పిలవాల్సి రావడం ఆవిడకు చిన్నతనంగా ఉంది. అందుకని పట్టాభి స్మార్ట్ స్విచ్‌లు కొన్నాడు. నోటితో చెబితే లైటు వెలుగుతుంది. ఆయన ఆఫీసులో కూర్చుని ఫోను మీద నొక్కినా వెలుగుతుంది.

"బిగించే ముందు వైరింగు చూడాలండి," అన్నాడు నూకరాజు, పట్టాభి భార్య హైమతో. "పాతిళ్లలో చాలావాటికి స్విచ్ డబ్బాలోకి న్యూట్రల్ తీగ ఉండదు. అది లేకపోతే ఈ స్విచ్‌లు పన్జెయ్యవు."

సంగతి తేలికే. ఎర్ర తీగ ఫేజ్, కరెంటును తెస్తుంది. నల్ల తీగ న్యూట్రల్, పని చేసి వచ్చినదాన్ని వెనక్కి తీసుకెళ్తుంది. పచ్చ తీగ ఎర్త్. మిషన్ల ఇనప ఒంటిని నేలతో కలుపుతుంది. ఎక్కడైనా కరెంటు కారితే అది పచ్చ తీగలోంచి నేలలోకి పోవాలి తప్ప మనిషిలోంచి పోకూడదు. మామూలు రోజుల్లో నల్లదాంట్లోగాని పచ్చదాంట్లోగాని నేను వెలగకూడదు. వెలిగితే ఎక్కడో తప్పుడు వ్యవహారం నడుస్తున్నట్టు లెక్క.

కింద గదులన్నీ చూశాడు. డబ్బాడబ్బాకూ నన్ను ఆనించాడు. ఎర్రదాంట్లో వెలిగాను, నల్లదాంట్లో, పచ్చదాంట్లో ఊరుకున్నాను. పెరట్లో హైమ వాషింగ్ మిషనులో బట్టలు వేస్తోంది. దాని ఒంటికీ ఆనించాడు. ఊరుకున్నాను. నేను చెప్పింది నిజమే. ఆ నిముషానికి నిజం.

మిషను ముందు ఒక చెక్కపీట ఉంది. హైమ దాని మీద రబ్బరు చెప్పులతో నిలబడి ఉంది. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న వరాలమ్మ పాదాలు బోసిగా ఉన్నాయి. పట్టు తప్పిన కాలికి చెప్పు నిలవదు.

"ఒరే నూకరాజూ, పని పనే గాని పై గదిలో ఫ్యాను మాత్రం ఇప్పుడెయ్యకు," అంది ఆవిడ. "మా ఇంట్లో బట్టలుతికే వేళ పై ఫ్యాను వెయ్యం."

"శుక్రవారం గోళ్లు తియ్యకూడదన్నట్టా మామ్మగారూ?" అని నవ్వాడు నూకరాజు.

"ఏమో నాయనా, నా కోడలు పెట్టిన ఆచారం. ఆవిడనే అడుగు."

హైమ కూడా నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. షాపులో కూర్చున్న రోజుల్లో ఒకటి గమనించాను. మనుషులు ఏదైనా వింత నియమం పాటిస్తుంటే, దాని వెనక బాగుచెయ్యకుండా వదిలేసిన సామాను ఒకటి ఉంటుంది. అయితే నా మాట వినాలంటే నన్ను తీగకు ఆనించాలి. జేబులో ఉన్నవాడి సలహా ఎవరు వింటారు?

మేడ మీద గదిలో స్విచ్ డబ్బా విప్పితే ఎర్ర తీగలూ, ఒక పచ్చ తీగా కనిపించాయి. నల్లది లేదు.

"నల్ల వైరు అయిపోయి ఎవడో పచ్చది లాగేశాడు," అనుకున్నాడు నూకరాజు పైకే. అలా చేసేవాళ్లు లేకపోలేదు. నన్ను ఆనించి చూశాడు. ఊరుకున్నాను. దాన్నే న్యూట్రల్‌గా కలిపి కొత్త స్విచ్ పెట్టాడు. పట్టాభికి ఫోను చేసి, ఆయన చెప్పినట్టల్లా నొక్కి, స్విచ్‌ను ఇంటి వైఫైకి కలిపాడు.

"నేనిక్కణ్ణుంచి ఫ్యానేసి చూస్తానుండు," అన్నాడు పట్టాభి. ఫోను పెట్టేశాడు.

స్విచ్ ఇంకా గోడకు బిగించలేదు, తీగల మీద వేలాడుతోంది. బిగించే ముందు చివరిసారి చూసుకోవడం నూకరాజు అలవాటు. నా కొనను పచ్చ తీగ ముడికి ఆనించి బొటనవేలు వేశాడు. అప్పుడే నెత్తిన ఫ్యాను కదిలింది. బద్ధకంగా, బరువు లాగుతున్నట్టు తిరగసాగింది.

నేను వెలిగాను.

అతను నమ్మలేదు. అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఎర్రగా, స్థిరంగా వెలుగుతున్నాను. పచ్చ తీగలో ఉన్నది కింద ఇంట్లో ప్రతి మిషను ఒంటికీ వెళ్తుంది.

కిందనుంచి చప్పుడు వినిపించింది. వాకర్ పెరటి టైల్సు మీద ఆని, ఆగి, మళ్లీ ఆనుతోంది. వరాలమ్మ కాళ్లు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి బయల్దేరింది. కుళాయి మిషను పక్కనే. వంగాలంటే ఆవిడ మిషను మీద చెయ్యి ఆనించాలి. నేల తడి. కాళ్లు బోసి.

ఆచారం అర్థం నూకరాజుకు అప్పుడు తెలిసింది. స్విచ్ నొక్కి ఫ్యాను ఆపాడు. నేను ఆరిపోయాను. గుండెల నిండా ఊపిరి తీసుకునేలోపు ఫ్యాను మళ్లీ తిరిగింది. ఆఫీసులో కూర్చున్న పట్టాభి, తను వేసింది ఆగిపోయిందనుకుని మళ్లీ వేశాడు. నూకరాజు ఆపాడు. పట్టాభి వేశాడు. తల్లి సుఖం కోసం కొన్న స్విచ్‌ని ఆ కొడుకు అంత శ్రద్ధగా నొక్కుతున్నాడు.

నూకరాజు స్విచ్ వదిలేసి మెట్ల కిటికీలోంచి అరిచాడు.

"హైమ గారండీ, మెయిన్ కట్టెయ్యండి. మామ్మగార్ని ఏదీ ముట్టుకోనివ్వకండి."

నన్ను గుప్పిట్లో పట్టుకునే మెట్లు దిగాడు. ఆ గుప్పిట్లో నాకు ఏమీ కనిపించలేదు. నా కొన దేనికీ ఆని లేదు. ఉంది అనడానికి లేదు, లేదు అనడానికి లేదు. నా బతుకులో అంత పనికిరానివేళ ఇంకొకటి లేదు.

కింద గిర్రున తిరుగుతున్న మిషను మధ్యలో మూలిగి ఆగింది. ఇల్లంతా చడీచప్పుడు లేదు. హైమ ఎందుకని అడగలేదు. చేతిలో తడిబట్ట పడేసి వీధి వరండాలో ఉన్న మెయిన్ దగ్గరికి పరిగెత్తిందట.

మేం పెరట్లోకి వచ్చేసరికి వరాలమ్మ ఎడమ చెయ్యి మిషను మూత మీద ఉంది.

"ఏరా, కరెంటు తీసింది నువ్వేనా? ఇలా చెయ్యేశానో లేదో, అలా ఆగిపోయింది. నేనేదో పాడుచేశాననుకుని చచ్చే భయమేసింది."

నూకరాజు ఆ చేతిని మూత మీంచి తీసి వాకర్ మీద పెట్టాడు. అతని జేబులో ఫోను మోగింది.

"ఫ్యానేస్తుంటే ఆగిపోతోందేంటి నూకరాజూ? స్విచ్ బాలేదా?"

"స్విచ్ బానే ఉందండి. ముందు మీరా ఫోను ముట్టుకోకండి. ఇంటికి రండి."

పట్టాభి వచ్చాక వరాలమ్మను గదిలో కూర్చోబెట్టి, మెయిన్ వేసి, పై ఫ్యాను వేయించాడు నూకరాజు. ముందు పీట మీద చెప్పులతో నిలబడి నన్ను మిషనుకు ఆనించాడు. నా వాటాదారు నేలను వదిలేశాడు. పగటి వెలుతురులో నా దీపం ఎవరికీ కనిపించలేదు. తర్వాత పీట దిగి, చెప్పులు విప్పి, తడినేల మీద నిలబడి ఆనించాడు. గది గుమ్మంలోంచి కూడా కనిపించేంతగా వెలిగాను.

హైమ వంగి పీటను పక్కకు జరిపింది.

"చేతికి జిల్లుమనేది," అంది. "చెప్పులేసుకుంటే ఉండేది కాదు. పీట కూడా వేశాను. పై ఫ్యాను కట్టేస్తే అసలుండేది కాదు, అందుకని వెయ్యొద్దన్నాను. సరిపోయిందనుకున్నాను."

"చెప్పులేశారు, పీటేశారు, ఫ్యాను కట్టేశారు. వైరు తప్ప అన్నీ మార్చారండి," అన్నాడు నూకరాజు. "నేను మాత్రం? మామ్మగారు ముందే చెప్పారు. నవ్వేసి వెళ్లాను," అన్నాడు.

"నాకు చెప్పలేదేం?" అన్నాడు పట్టాభి భార్యతో.

"చెప్పాను. తడిచేత్తో ముట్టుకుంటే అలాగే ఉంటుందన్నారు."

లెక్క తేలిపోయింది. పై గది వేసినప్పుడు ఎవరో నల్ల తీగ కిందనుంచి లాగడానికి బద్ధకించి ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడేశారు. పెరట్లో కుళాయి పక్కన, పచ్చ తీగ నేలలోకి దిగే ఎర్త్ గొయ్యి గిన్నెలు కడిగిన నీళ్లతో ఎప్పుడూ తడిగా ఉండేది. పై గదిలో ఫ్యాను తిరిగి వదిలిన కరెంటంతా ఆ తడినేల మింగేసేది. కిందటి ఏడు, వరాలమ్మ వాకర్ తట్టుకోకుండా పెరడంతా టైల్సు పరిచారు. గొయ్యి వాటి కింద పడిపోయింది. చుక్క నీరు దిగక ఎండిపోయింది. నేల మింగనిది వెనక్కి తిరిగి మిషన్ల ఒంటిమీదికెక్కింది. ఆవిడ పడిపోకూడదని చేసిన ఖర్చే ఆవిడ కాళ్ల కిందికి వచ్చింది.

టైలు పగలగొట్టడానికి నూకరాజు గునపం తెమ్మన్నాడు. పట్టాభి ఇవ్వలేదు, తనే పగలగొట్టాడు. గొయ్యి బాగుచేసి, తేమ నిలవడానికి ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోశారు, పైన మూత పెట్టారు. పై గదికి కొత్త నల్ల తీగ లాగారు. కరెంటు నేలకు కారితే దానంతటదే ఆగిపోయే కొత్త మెయిన్ పెట్టారు. స్విచ్‌లు బిగించింది ఆ తర్వాతే.

నూకరాజు సామాను సర్దుకుంటుంటే వరాలమ్మ వాకర్ మీద వచ్చింది.

"ఆ పసుప్పచ్చది ఇచ్చి వెళ్లరా."

"పాతదండి మామ్మగారూ. కొత్తది తెచ్చిస్తాను."

"కొత్తదాన్ని నేనెరగను. దీన్నెరుగుదును."

నూకరాజు నన్నొకసారి చొక్కాకు తుడిచి ఆవిడ ఎడమచేతిలో పెట్టాడు. కొసరుగా వచ్చినదాన్ని, కొసరుగానే వెళ్లాను.

ఇప్పుడు నేను పెరటి గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్నాను. పీట వంటింట్లోకి పోయింది, దాని మీద కూర్చుని హైమ కూరలు తరుగుతుంది. లోపల వరాలమ్మ "లైటు వెయ్యమ్మా" అంటుంది. వెలిగిన ప్రతిసారీ ఇంటికొచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. నన్ను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. వెలిగే సరుకుకే గిరాకీ, నాకది కొత్త కాదు.

బట్టలు వేసే ముందు హైమ గొయ్యి మూత తీసి బిందెడు నీళ్లు పోస్తుంది. పై ఫ్యాను వేయించి, నన్ను తీసి, తడినేల మీద నిలబడి మిషనుకు ఆనించి బొటనవేలు వేస్తుంది. వెనక వాకర్ పట్టుకుని వరాలమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. ఇద్దరూ నా వంక చూస్తారు. నేను వెలగను.

"రండి అత్తయ్యగారూ," అంటుంది హైమ.

బోసికాళ్లు తడినేల మీద నడిచి వస్తాయి.