కొసరు బాకీ

నేను ఒక ఇత్తడి సోలను. చాలా ఏళ్లుగా నాకొక సందేహం ఉంది. గింజలు పోసి, అరచేత్తో నా అంచును చదును చేస్తే కొలత పూర్తయినట్టే. ఆ తరువాత పైన వేసే గుప్పెడు, కొసరు అంటారే, అది లాభంలోకి వస్తుందా, నష్టంలోకి వస్తుందా? మనుషులు ఇన్ని పుస్తకాలు రాసుకున్నారు గాని దీని సంగతి మాత్రం తేల్చినట్టు లేదు.

బుడితిలో ఒక కంచరి నన్ను పోత పోశాడు. మెరుగుపెట్టి సంతకు తెస్తే, మరమరాలు అమ్ముకునే అప్పలనరసమ్మ బేరమాడి కొన్నది. బేరం తెగాక, "కొసరేటి ఇస్తావు?" అని అడిగింది. "సోలకి కొసరేటమ్మా!" అని కంచరి నవ్వాడు. నవ్వుతూనే ఉలి తీసుకుని నా లోపలి అడుగున ఒక చిన్న పువ్వు చెక్కి ఇచ్చాడు. నా బతుకు మొదలైందే ఒక కొసరుతో.

నరసమ్మ అంగడి హైస్కూలు గేటు పక్కన. పొద్దున్నే నాకు బొట్టు పెట్టి, పైడితల్లమ్మను తలుచుకుని కళ్లకద్దుకునేది. మొదటి సోల కొలిచేటప్పుడు "ఒకటి" అనేది కాదు, "లాభం" అనేది. ఆ తరువాతే రెండు, మూడు. మా వైపు పాతకాలం వాళ్లందరిదీ అదే పద్ధతి. అమ్మకం కాకముందే లాభం అనుకోవడం, అమ్మాక గుప్పెడు వదులుకోవడం. ఈ లెక్క ఆ అమ్మవారికి ఎలా అర్థమవుతుందో అనుకునేదాన్ని.

ఒక ఏడు ఆ స్కూలుకు వేణుమాధవ్ మాస్టారు వచ్చారు. డాక్టరు, ఇంజనీరు చదువుల్లాగే వ్యాపారమూ ఒక చదువేనని ఆయన నమ్మకం. తొమ్మిదో తరగతి పిల్లల చేత వరండాలో అంగళ్లు పెట్టించారు. సరుకు తేవడం, ధర పెట్టడం, లెక్క చూపడం అన్నీ వాళ్లే చెయ్యాలి. ఎక్కువ లాభం చూపిన జట్టుకు విశాఖపట్నంలో పెద్ద కామర్సు కాలేజీ చూపిస్తానన్నారు.

దర్జీ సూరిబాబు కూతురు కుసుమకు ఆ గెలుపు చాలా అవసరం. పదో తరగతి కాగానే ఆ పిల్లను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టాలని తండ్రి ఆలోచన. "గెలిచి రా, అప్పుడు కామర్సు సంగతి సూద్దాం" అన్నాడు.

మరమరాల అంగడి కోసం కుసుమ నన్ను అరువడగడానికి వచ్చింది. "అద్దేటీ వొద్దు, పట్టుకెల్లు. కొసరు మాత్రం మానీకు" అంది నరసమ్మ.

అయితే మాస్టారు బోర్డు మీద "వృథా తగ్గితే లాభం పెరుగుతుంది" అని రాశారు. పాపం, ఆయన చెప్పింది చిరిగిన సంచుల గురించి. కుసుమ మనసు కొసరు మీదికి పోయింది. అరచేత్తో చదును చేస్తే నాలుగు గింజలు ఎక్కువ పోతాయని జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసింది. అది నా అంచు మీద గీసుకుపోతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

బోణీకి నరసమ్మే వచ్చి చెంగు పట్టింది. కుసుమ "ఒకటి" అంటూ కొలిచి పోసింది. నరసమ్మ చెంగు మూయలేదు.

"ఒలే పిల్లా, కొసరో?"

"మా అంగట్లో కొసరు లేదు మామ్మా. లెక్క తప్పిపోద్ది."

"అలాగేటి! అయితే నువ్వు నాకు కొసరు బాకీ. బోర్డు మీద రాసుకో."

జట్టు పిల్లలు పకపకా నవ్వారు.

మొదటి రోజు లాభం బాగానే కనిపించింది. మరునాడు కొనేవాళ్లు పలచబడ్డారు. ఆఖరి రోజు అందరూ పక్క అంగడికే పోయారు. కొసరు లేకనా, ఆ ఎండలో పక్కవాళ్లు నిమ్మరసం అమ్మబట్టా? ఇప్పటికీ చెప్పలేను. కుసుమ జట్టు ఓడిపోయింది.

సాయంత్రం నన్ను తిరిగి ఇస్తుంటే ఆ పిల్ల కన్నీళ్లు నాలోనే పడ్డాయి. నరసమ్మ నన్ను చెంగుతో తుడిచి, చంకన పెట్టుకుని తిన్నగా దర్జీ కొట్టుకు నడిచింది.

"సూరీ, నీ కూతురు నాకు బాకీ ఉంది."

నరసమ్మను అక్కలా 'అప్పా' అని పిలిచే సూరిబాబు కత్తెర ఆపి కంగారుపడ్డాడు. "ఏటి బాకీ అప్పా?"

"గుప్పెడు మరమరాలు."

"ఓస్, ఇంతేనా! ఇప్పుడే తెచ్చిస్తాను."

"నువ్విస్తే సెల్లదు. అది యాపారం సదవాల, సొంత అంగడి పెట్టాల, దాని సేత్తోనే నాకు కొసరెయ్యాల. మిషను ముందు కూకుంటే నా బాకీ ఎవులు తీరుస్తారు?"

"గెలవనేదు గదప్పా."

"నాను అంగడి పెట్టిన ఏడు వానకి సరుకంతా నానిపోనేదేటి? అప్పుడు నన్నెవులైనా మిషను ముందు కూకోబెట్టారా?"

సూరిబాబు కత్తెర కింద పెట్టి నవ్వేశాడు. ఆ నవ్వుతోనే కుసుమ చదువు ఖాయమైంది.

కాలం గడిచింది. గేటు దగ్గరికి రంగురంగుల ప్లాస్టిక్ ప్యాకెట్లు వచ్చాయి. వాటికి అంచూ లేదు, కొసరూ లేదు. మోకాళ్లు సహకరించక నరసమ్మ అంగడి ఎత్తేసింది. నేను అక్షింతలతో దేవుడి గూట్లో చేరాను. అక్కడ నా అంచును ఎవరూ చదును చెయ్యరు. బాగానే ఉండేది గాని, పిల్లల గోల లేక తోచేది కాదు.

మొన్న, పది తరువాత ఏం చదవాలో పిల్లలకు చెప్పమని ఆ స్కూలు వాళ్లు కుసుమను పిలిచారు. ఇప్పుడు ఆమెకు విజయనగరంలో సొంత పచారీ దుకాణం ఉంది. ముందు మా ఇంటికి వచ్చి, నరసమ్మనూ నన్నూ ఆటో ఎక్కించుకుని తీసుకెళ్లింది. తన ఓటమి కథ పిల్లలకు దాచకుండా చెప్పింది.

"మేడమ్, మరి కొసరు ఖర్చులో రాయాలా?" ఒక అమ్మాయి లేచి అడిగింది.

"నేను ప్రచారం కింద రాస్తున్నానమ్మా. మా ఆడిటరుగారు ఇంకా ఒప్పుకోవడం లేదు."

తరువాత వెంట తెచ్చిన సంచిలోంచి మరమరాలు తీసి నన్ను నింపింది. స్కేలు లేదు, అరచేయి మెత్తగా నా అంచును తడిమింది. "లాభం" అని నెమ్మదిగా అంటూ నరసమ్మ చెంగులో పోసింది. ఆపైన సంచిలోంచి దోసిలి నిండా తీసి వేసింది.

"ఇది అప్పటి బాకీ మామ్మా."

నరసమ్మ చెంగు మూయలేదు.

"సరే, తీరింది. మరి ఇయ్యాల్టి కొసరేదే?"

తరగతి గొల్లున నవ్వింది. కుసుమ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ ఇంకో గుప్పెడు వేసింది. ఖాళీ అయిన నా అడుగున, పువ్వు మీద, ఒక్క మరమరం అంటుకుని ఉండిపోయింది. అది ఎవరిదని ఎవరూ అడగలేదు.