సీసాలో మూడు మిల్లీమీటర్లు

"ఏటమ్మా ఇది? వాన పడిన రోజూ పడింది, పడని రోజూ పడిందా?" అన్నారు సైన్సు మాస్టారు నరసింగరావు, ఆశ్రిత నోటుపుస్తకం మీద వేలు పెట్టి.

ఆశ్రిత తొమ్మిదో తరగతి. ఇంటి గుమ్మం ఎదుట నిలువు గాజు సీసా పెట్టి, జులై నెలంతా పొద్దున్న ఎనిమిదిన్నరకి అందులో ఎన్ని మిల్లీమీటర్ల వాన నీరు చేరిందో కొలిచి రాసి, సీసా వంపి, తుడిచి మళ్ళీ పెట్టింది. ఆ పుస్తకం ఎచ్చెర్లలో సైన్సు ప్రదర్శనకి వెళ్ళాలని పిల్ల ఆశ. తీరా చూస్తే నరసన్నపేట చుట్టుపక్కల చినుకు రాలలేదని అందరూ అనుకున్న పదకొండు రోజుల్లోనూ మూడు, మూడు, మూడు. నెల మొత్తానికి సున్నా ఒక్కటే, పద్దెనిమిదో తేదీన.

"ఇంటికాడ కూకోని రాసీసింది సార్!" అని వెనక బెంచీలోంచి నవ్వాడు పృథ్వీరాజ్.

ఆశ్రితకి ఒళ్ళు మండిపోయింది. "చూసిందే రాశాను సార్."

"సూసిందే రాసేవని నాకు తెలుసు. కానీ ఎందుకొచ్చిందో సెప్పలేని అంకె పట్టుకెళ్తే నవ్వుతారమ్మా. శనివారం లోపల కారణం సెప్పు. లేపోతే పృథ్వీ పుస్తకం పంపిస్తాను."

పృథ్వీరాజ్ పుస్తకం గురించి చెప్పాలంటే, అందులో అంకెల కన్నా రంగులెక్కువ.

ఆ పదకొండు మూళ్ళనీ రబ్బరుతో చెరిపి సున్నాలు పెట్టేస్తే గొడవ వదిలేది. ఎవరికీ తెలిసేది కూడా కాదు. కానీ ఆశ్రిత ఉత్త మొండిఘటం. ముందు మంచు మీద అనుమానపడింది. అలాంటిదే ఇంకో సీసా తెచ్చి పక్కన పెట్టి, దాని మీద పళ్ళెం మూసి రాయి పెట్టింది. మంచే అయితే మూత లేనిదాంట్లోనే నీళ్ళు చేరాలి. తెల్లారి చూస్తే రాయి రాయిలాగే ఉంది, పళ్ళెం పళ్ళెంలాగే ఉంది, రెండు సీసాల్లోనూ మూడే! ఆకాశం మూత తీసి, నీళ్ళు పోసి, మళ్ళీ మూత పెట్టదు కదా. ఇది మనిషి పనే.

మర్నాడు అయిదింటికే లేచి తలుపు వెనక నక్కింది. మామ్మ ప్రసూనాంబ పంచపాత్ర, ఉద్ధరిణి పట్టుకుని బయటికొచ్చింది. ఈ సీసాలో మూడు ఉద్ధరిణుల నీళ్ళు, పళ్ళెం ఎత్తి ఆ సీసాలో మూడు పోసి, అన్నీ ఉన్నచోటే పెట్టి, లోపలికి కేకేసింది. "ఒరే లక్ష్మీనరసింహం, ఇంక బయల్దేరు!" ఆశ్రిత నాన్న గుడి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఊరి గుళ్ళో అర్చకుడు.

"మామ్మా, నా కొంప ముంచేశావు!"

"నేనేం చేశానే? వాడు స్వామి సేవకి బయల్దేరే వేళ గుమ్మం ఎదుట వట్టి పాత్ర ఉండచ్చా? తీసేస్తే నువ్వు ఏడుస్తావని, మూడు ఉద్ధరిణులు పోసి ఊరుకుంటున్నాను."

నెల రోజుల కష్టం నీళ్ళపాలైంది. ఆశ్రితకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అడిగింది. "వాన పడ్డ రోజు కూడా పోశావా?"

"నీళ్ళుంటే అది వట్టి పాత్రెలా అవుతుందే? అప్పుడెందుకు పోస్తాను?"

పిల్ల కళ్ళు తుడుచుకుంది. అన్ని రోజుల్లోంచీ మూడు తీసేద్దామనుకున్న లెక్క ఇప్పుడు కుదరదు. మామ్మని అరుగు మీద కూర్చోబెట్టి, మూడు ఉద్ధరిణులకి ఎప్పుడూ మూడే వస్తుందా అని పొడి సీసాలో పదిసార్లు పోయించింది. ప్రతిసారీ వంగి, కన్ను నీటి మట్టానికి సరిగ్గా ఆనించి చూసి రాసుకుంది.

"పెళ్ళిచూపుల్లో కూడా నన్నింత పరీక్ష చెయ్యలేదు" అని సణిగింది మామ్మ. అరవై ఏళ్ళు పూజ చేసిన చెయ్యి అది. తొమ్మిదిసార్లు మూడు, ఒక్కసారి రవ్వంత తక్కువ.

"ఆ తక్కువది కొట్టెయ్యి."

"కొట్టెయ్యను. వచ్చింది వచ్చినట్టే. మరి పద్దెనిమిదిన ఎందుకు పొయ్యలేదు?"

"పద్దెనిమిదీ పంతొమ్మిదీ, ఆ రెండు రోజులూ కొత్తవలసలో మీ అత్త దగ్గరున్నాను కదే."

రెండు రోజులా! అయితే పంతొమ్మిదో తేదీ మూడు ఎక్కడిది? నాన్న గుడి నుంచి రాగానే, ఆ రోజు వాన పడిందా అని అడిగింది.

"ఆ తెల్లవారుజామునే కదమ్మా, గుడి మెట్లు తడిసి ఉంటే కాలు జారాను. మోకాలు చెక్కుకుపోయింది" అన్నాడాయన.

"చూశావా! నేను లేని రోజే వట్టి పాత్ర ఎదురైంది" అంది మామ్మ గుండెమీద చెయ్యేసుకుని.

"ఆ రోజు సీసాలో నీళ్ళున్నాయి మామ్మా. అందరూ నిద్రలో ఉండగా పడ్డ వాన. వట్టిది ముందురోజు. ఆ రోజు నాన్నకేం కాలేదు."

మామ్మ గుండెమీంచి చెయ్యి తీసింది. "అయితే నాది వట్టి భయమేనంటావా?"

"రెండు రోజులతో ఏదీ తేలదు. ఈ నెలంతా పొయ్యకుండా చూద్దాం."

శనివారం మాస్టారు పుస్తకం తీశారు. మూళ్ళు ఒక్కటీ చెరపలేదు. పది మూళ్ళ పక్కన "మామ్మ పోసినవి, వాన సున్నా" అని ఉంది. కింద పది పరీక్షల అంకెలున్నాయి. పంతొమ్మిదో తేదీ మూడు మాత్రం వానే.

"ఆ ఒక్కటీ సున్నా సేసీ, ఎవుడు సూడొచ్చాడు!" అన్నాడు పృథ్వీరాజ్.

"నేను చూశాను" అంది ఆశ్రిత.

మాస్టారు పుస్తకం అట్ట మీద 'ఎచ్చెర్ల' అని రాసి తన సంచీలో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆశ్రిత వచ్చేసరికి మామ్మ అప్పటికే సీసా ముందు వంగి, కళ్ళజోడు సవరించుకుని, కన్ను అడుక్కి ఆనించి చూస్తోంది.

"సున్నా. రాసుకో. నేను ముట్టుకోలేదు" అంది.

అని, వీధి మలుపులో గుడి నుంచి తిరిగొచ్చే కొడుకు కనిపించేదాకా గుమ్మంలోంచి కదల్లేదు.