ఇస్సాకు వదిలేసిన మాట

రేడియేటరులో నీళ్లు పోసి మూత బిగించి, ఇస్సాకు జీపు అద్దం తుడుస్తున్నాడు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కుడి ముంజేతి మీద ఇంజను కాల్చిన మచ్చలు. నంద్యాల మిషను కాంపౌండులో పెళ్లి కాకముందు నుంచీ అతనే డ్రైవరు. తల్లి దొరల బంగళాలో వంట చేసేది. ఆమె వెంట తిరిగిన రోజుల్లో చెవిన పడిన ఇంగ్లీషు అతని దగ్గర నిలిచిపోయింది. దొరలు వెళ్లిపోయాక దానితో పనిలేదు. ఎనభై నాలుగు నవంబరులో, ఆ ఉదయం, మళ్లీ పని పడింది. ఆళ్లగడ్డ సభలో తర్జుమా చేయవలసిన పాస్టరు జ్వరంతో పడుకున్నాడు.

"నేను డ్రైవర్ని సార్. స్టేజీ ఎక్కినోణ్ణి కాదు" అన్నాడు ఆఫీసులో.

"ఆయన చెప్పింది చెప్తే చాలు గదప్పా" అన్నారు ఆఫీసువాళ్లు.

అతిథి పేరు రెవరెండ్ సెలో. దక్షిణాఫ్రికా నల్లజాతి మనిషి. అక్కడి తెల్లవాళ్ల ప్రభుత్వం జైల్లో పెట్టి వదిలాక దేశం విడిచి, తనవాళ్లకు జరుగుతున్నది చెబుతూ ఊరూరా తిరుగుతున్నాడు. చాలా పొడగరి. జీపులో ఉన్ని టోపీ తీసి పక్కన పెట్టి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, రెండు వైపులా నల్లరేగడిలో విరగబూసిన పత్తిని చూస్తూ వచ్చాడు.

శిరివెళ్ల దాటాక రోడ్డు పక్క హోటలు దగ్గర టీకి ఆగారు. హోటలతను సెలోను ఎగాదిగా చూశాడు.

"ఎవురప్పా ఈయన? ఇంత నలుపు నేను యాడా చూడలే."

"ఫారినాయన. పెద్ద పాస్టరు."

ఫారిన్ అనేసరికి బెంచీ తుడిచి, లోపల కూర్చోబెట్టి, స్టీలు గ్లాసులో టీ ఇచ్చాడు. ఇస్సాకు బయట గుంజకు తగిలించిన సత్తు గ్లాసుల్లోంచి ఒకటి తీసి కడిగి పట్టాడు. హోటలతను పైనుంచి వంచి పోశాడు. తాగి, మళ్లీ కడిగి, దాన్ని దాని మేకుకే తగిలించాడు. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆలోచించవలసిన పనిలేదు.

"లోపలికి రాలేదేం?" అన్నాడు సెలో ఇంగ్లీషులో.

"గాలికి బయట నిలబడ్డా సార్."

సెలో ఆ గ్లాసుల వైపు ఒకసారి చూసి జీపెక్కాడు.

ఆళ్లగడ్డ ఊరవతలి పేటలో చర్చి నిండిపోయింది. ముందు కుర్చీలో ఆ ఊరి పెద్దరైతు కూర్చున్నాడు. చర్చి నేలకు నాపరాళ్లు ఇస్తానని మాటిచ్చాడు. పేటలో సగం మంది ఆయన పొలాల్లోనే కూలికి పోతారు.

సెలో మాట్లాడటం మొదలుపెట్టాడు. నల్లవాళ్లకు వేరే బెంచీలు, వేరే వాకిళ్లు, చివరికి వేరే శ్మశానాలు. తన తల్లి రోడ్డు మీద పడిపోయి ఉంటే అంబులెన్సు వచ్చింది. అది తెల్లవాళ్ల బండి అని డ్రైవరు దాన్ని ఖాళీగానే వెనక్కి తిప్పుకుపోయాడు. ఇస్సాకు అదంతా తెలుగులో చెప్పి, "ఆ డ్రైవరు చూసి కూడా ఎక్కించుకోలేదంట" అని ముగించాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. పెద్దరైతు తల ఊపుతూ, "ఎంత అన్యాయమప్పా" అన్నాడు.

అప్పుడు సెలో ఇస్సాకు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ ఉదయం దారిలో ఒక హోటల్లో గ్లాసులు బయట తగిలించి ఉన్నాయి. నా స్నేహితుడు అందులో తాగాడు. ఎందుకని నేను అడగనక్కరలేదు. మా దేశంలో ఆ గ్లాసు నాది. నా కోసం ఏడ్చినవాళ్లు ఆ గ్లాసుల సంగతి కూడా చూడాలి."

ఇస్సాకు నోరు తెరిచాడు. ఎదురుగా పెద్దరైతు. ఆయన వెనక గోడవారగా సంఘపెద్ద ఇమ్మానుయేలు, ఆ రైతు దగ్గరే జీతగాడు. కాళ్ల కింద మట్టినేల. చర్చి అంతా తన నోటి వైపే చూస్తోంది.

"మన దోవలో మంచి టీ ఇచ్చినారంట. మన మర్యాద మరిచిపోనంటాండాడు" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దరైతు మరీ గట్టిగా కొట్టాడు. సెలో ఆ చేతుల వైపు చూసి, ఇస్సాకు భుజం మీద చెయ్యి మెల్లగా తీసేశాడు.

తిరుగు ప్రయాణమయ్యారు. నంద్యాల దగ్గరపడుతుండగా సెలో అన్నాడు: "ఆ గ్లాసుల మాటకు ఎక్కడా చప్పట్లు కొట్టరు."

ఇస్సాకు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నేనూ గనిలో దొరకూ కూలీలకూ మధ్య మాట చెప్పేవాణ్ణి. ఇటు మాట అటు మెత్తగా చేసి చెప్పేవాణ్ణి. మా వాళ్లను కాపాడుతున్నాననుకునేవాణ్ణి" అన్నాడు సెలో.

బస్టాండులో కర్నూలు బస్సు సిద్ధంగా ఉంది. సెలో కిటికీ లోంచి చెయ్యి చాపాడు. ఇస్సాకు రెండు చేతులతో పట్టుకున్నాడు. తప్పు చేశానని చెప్పడానికి ఇంగ్లీషులో చిన్న మాటే ఉంది. బంగళాలో మొదట నేర్చుకున్నది అదే. అది నోటిదాకా వచ్చేలోపు కండక్టరు విజిల్ వేశాడు.

సంక్రాంతి వెళ్లాక ఆళ్లగడ్డ చర్చిలో నాపరాళ్లు పరుస్తుంటే, మిషను సామాను దించడానికి ఇస్సాకు వెళ్లాడు. పని చూస్తున్న ఇమ్మానుయేలును పక్కకు పిలిచి, ఆరోజు సెలో నిజంగా అన్నది మొత్తం చెప్పాడు. ఒక్క మాట వదల్లేదు.

ఇమ్మానుయేలు చేతికంటిన సున్నం దులుపుకున్నాడు.

"మాకు తెల్దా ఇస్సాకూ ఆ గ్లాసుల సంగతి? రోజూ తాగేటోళ్లమే గదా."

"తెలుసన్నా."

"అంత దూరం నుంచి వచ్చినాయన మా తరపున అన్యాడంటే, పెద్దాయన ముందరే అన్యాడంటే... ఆ పొద్దు చెవులారా యింటే బాగుండు." పరుస్తున్న రాళ్ల వైపు చూసి, "ఆయప్ప మళ్లా వస్తాడా?" అన్నాడు.

"రాడన్నా."

ఇమ్మానుయేలు రాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇస్సాకు జీపు దగ్గరికి వచ్చి, స్పానరు కోసం ముందు సీటు కింద చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగాడు. ఉన్ని టోపీ. ఇంత పెద్ద తల సెలోదే. అంచు దగ్గర తెగిన చోట ఎవరో వేరే రంగు దారంతో అల్లి బాగుచేశారు. దుమ్ము దులిపి పక్క సీటు మీద పెట్టాడు. బూడిదరంగు ఉన్ని, పెట్టుకున్న తల గుండ్రం ఇంకా అందులో అట్లాగే ఉంది.