లోపలికి తిరిగిన చెప్పులు

జపాన్‌లోని కనజావా ఊళ్ళో వాన మొదలైందంటే చాలు, మినెకో రెండు కప్పుల్లో టీ పోస్తుంది. ఒకటి తనకు. రెండోది కిటికీ పక్కన గోడకేసి తిరిగి కూర్చునే చుట్టానికి. మినెకో మొగుడు చనిపోయిన ఏడాది వచ్చాడాయన. పేరు చెప్పడు, మొహం చూపించడు, టీ మాత్రం తాగేస్తాడు. ఆయన్నే తన కొత్త నవలలో పెట్టింది. నిజంగా ఉన్నాడని మాత్రం ఎవరితోనూ అనలేదు. అంటే ఊరుకుంటారా, పిచ్చాసుపత్రికి పంపరూ!

ఆ మధ్యాహ్నం వానలోనే నవల అచ్చువేసే సంస్థ నుంచి సంపాదకుడు కువబరా వచ్చాడు. వస్తూనే కిటికీ పక్కన చుట్టానికి వేసిన దిండు మీద కూర్చోబోయాడు.

"అక్కడ కాదు నాయనా, ఇటు రా," అంది మినెకో కంగారుగా.

"మినెకోగారూ, మా ఆఫీసులో మీ రాతప్రతి చదివినవాళ్ళంతా నా ప్రాణం తీస్తున్నారు. ఆ గోడకేసి కూర్చునేవాడు ఎవరండీ? చావా? యుద్ధమా? చివర్లో ఒక్క ముక్క రాసివ్వండి, అచ్చుకి పంపేస్తాను."

"చుట్టమయ్యా. అంతే."

"అంతే అంటే ఎలాగండీ! దేనికో గుర్తు అయ్యుండాలి కదా? పోనీ, ఒంటరితనం అందామా?"

గదిలో చలి పెరిగింది. ఖాళీగా కనిపిస్తున్న దిండు కింద గడ్డిచాప కిర్రుమంది. కువబరాకి వినపడలేదు, తన గోల తనది. ఈ మనిషి వెళ్తే చాలనిపించింది మినెకోకి.

"సరేలే, ఒంటరితనమే. రాసుకో."

అతను పొంగిపోతూ లేచాడు. గుమ్మంలో తన బూట్ల పక్కనే తడి చెక్కచెప్పులు, ఇంట్లోకి తిరిగి ఉన్నాయి. వచ్చినవాళ్ళ చెప్పులు వీధివైపు తిప్పిపెట్టడం అక్కడి మర్యాద, వెళ్ళేటప్పుడు సులువని. ఆ ఒక్క జతను మినెకో ఎన్నడూ తిప్పలేదు. కువబరా మర్యాదస్తుడు కదా, వంగి వాటినీ తిప్పిపెట్టి వెళ్ళాడు.

మినెకో చూసేసరికి చెప్పుల్లేవు. మెట్టు మీంచి వీధిలోకి తడి గుర్తులు. రెండో కప్పు నిండుగా, చల్లారిపోయి ఉంది. ఏడుపు తన్నుకొచ్చింది ఆవిడకి. ఒంటరితనమట! అది దగ్గరికి రాకుండా ఇన్నేళ్ళు కాపాడినవాడికే ఆ పేరు పెట్టింది, పాపిష్టి నోరు.

దీపాలు పెట్టేవేళకు ఫోన్ మోగింది.

"మినెకోగారూ..." కువబరా గుసగుసలాడాడు. "మా గుమ్మంలో ఎవరివో తడి చెక్కచెప్పులు. లోపల ఎవరో గోడకేసి కూర్చుని... దీనర్థం ఏంటండీ?"

"అర్థం సంగతి తరవాత. చెప్పులు ఎటు తిరిగున్నాయి?"

"లోపలికండీ."

మినెకో చల్లారిన రెండో కప్పును దగ్గరికి లాక్కుంది.

"టీ పెట్టివ్వు నాయనా," అంది. "వేడిగా ఇవ్వు. చల్లారితే ఆయన తాగడు."