కుండ కింద కప్ప

"పాము వస్తాది చూడు. కప్ప యాడుంటే ఆడికే వస్తాది పాము. చెప్తే ఇనవు గదా!"

ఆ మాట అంటూనే సిద్దమ్మ స్టీలు గ్లాసులోకి సగానికి నీళ్లు వంచింది. గ్లాసును కంటికెదురుగా ఎత్తి చూసి, ఎక్కువయ్యాయేమోనని ఒక గుక్కెడు మళ్లీ కుండలో పోసింది. నందికొట్కూరు బస్టాండు నుంచి తెల్లవారుజాము బస్సు హారను వినబడుతోంది.

"రాదులేమా. పాముకు మన వీధి అడ్రసు తెలీదు," అన్నాడు ఉమామహేశ్.

వసారాలో ఇసుక పోసి, దాని మీద మూడు రాళ్లు పెట్టి నిలబెట్టిన నీళ్ల కుండ అది. కొడుకు దాని పక్కనే గొంతుక్కూర్చుని ఇసుకలోకి వంగి చూస్తున్నాడు. ముఖం ఉబ్బి కళ్లు సన్నబడ్డాయి. ఎడమచేతి మీద సూదులు గుచ్చే నరం తాడులా లేచి ఉంది. ప్రైవేటు బడిలో పిల్లలకు సైన్సు చెప్పుకునే మనిషి. రెండు కిడ్నీలూ చెడిపోయాక కర్నూలు ఆస్పత్రిలో మిషనుకు కట్టుబడిపోయాడు. వాయిదా తప్పకుండా పోవాలి, రక్తం కడిగించుకోవాలి. పోయిన వాయిదాకు పోలేదు. "ఇంక చాలుమా, నాతో కాదు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ రేపే వాయిదా. ఇది కూడా తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పేశాడు. రేపు వస్తావా అని అడగడానికి సిద్దమ్మకు నోరు రావడం లేదు. కాదంటే?

ఆ రోజు నుంచి అతను పక్క మీద నుంచి లేచేది ఈ కప్ప కోసమే. ఎప్పుడో పడిన ఒక్క జల్లుకు వచ్చి కుండ కింద చెమ్మలో చేరింది.

"చూడుమా, నోటితో చుక్క తాగదు. కడుపు కింద తోలుతోనే పీల్చుకుంటాది. నీళ్లలో కాస్తో కూస్తో ఉండే ఉప్పును గూడా తోలే లాక్కుంటాది. నీళ్లు ఎక్కువైతే ఉచ్చ పోసేస్తాది. వాన లేకుంటే ఆ ఉచ్చనే లోపల దాచిపెట్టుకోని మళ్లా ఒంట్లోకి తీసుకుంటాది. మిషనూ లేదు, సూదీ లేదు."

సిద్దమ్మకు సగమే అర్థమైంది. తాను తాగగా గ్లాసు అడుగున మిగిలిన గుటకను అతను కప్ప మీద పోయడం చూసి ఆమెకు ప్రాణం ఉసూరుమంది.

"నీకే రోజుకు ఇన్ని నీళ్లేనని కొలత. దానికెందుకురా?"

"అది తాగుతాంటే నాకు దప్పి తీరినట్టుంటాది మా."

బస్టాండు దగ్గర రామకోటయ్య శెట్టి హోటల్లో సిద్దమ్మ పని. మొగుడు చనిపోయిన ఏడాది చేరింది, ఇప్పటికీ అక్కడే. ఉగ్గాని టిఫినుకు బొరుగులు తడిపి పిండాలి, పప్పులపొడి కొట్టాలి, బజ్జీలకు మిరపకాయలు చీరాలి. కారానికీ ఉప్పుకూ వేళ్లు పగిలి, సందుల్లో తెల్లటి చారలు కట్టాయి. ఎంత కూటికైనా ఉప్పు ఆమె గుప్పిటతోనే. రుచి చూడదు, ఎన్నడూ తప్పదు. ఇంట్లో మాత్రం ఉప్పు జాడీయే లేదు. కొడుకు ఎక్కడ చెయ్యి పెడతాడోనని పక్కింటి గిడ్డమ్మ దగ్గర దాచిపెట్టింది. ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. కొడుకు దగ్గితే భయం, దగ్గకుండా నిద్రపోతే దగ్గరికి పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

"ఏం సిద్దమ్మా, బొరుగులు పిండుతాండావా, నా పీక పిసుకుతాండావా? పిండి పిండి అయితాండాయి!" అని కేకేశాడు గల్లా దగ్గరి నుంచి రామకోటయ్య.

ఆమె కప్ప సంగతి చెప్పింది. పాము సంగతీ చెప్పింది. నేల మీద పడుకునే కొడుకు, వాచిన కాళ్లతో గబుక్కున లేవలేని కొడుకు.

"ఇంతేనా! ఇంత కల్లుప్పు చల్లు. ఉప్పుండే తావున కప్ప ఉండదు. కప్ప లేకుంటే పాముకేం పని?"

"సచ్చిపోదు గదా అన్నా?"

"ఉప్పేమన్నా విషమా? మనమంతా తినేదే గదా! చుర్రుమంటే యాడికో ఎగిరిపోతాది, పో."

ఆ 'మనమంతా'లో తన కొడుకు లేడన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నం గుప్పెడు కల్లుప్పు కొంగున కట్టుకుని ఇంటికి పోయింది. ఉమామహేశ్ నిద్రపోతున్నాడు. ఊపిరి చూసుకుని, అడుగుల చప్పుడు కాకుండా వసారాలోకి వచ్చి, కుండ చుట్టూ, రాళ్ల సందుల్లో, తడి ఇసుక మీద ఉప్పు చల్లింది. కప్ప గొంతు గబగబా కొట్టుకుంటోంది. ఎగిరిపోతుందనుకుంటే అది ఇంకాస్త లోపలికి, చెమ్మలోకి ఒదిగింది.

"పో తల్లీ, చల్లగా ఉండే తావు చూసుకో," అని గుసగుసగా చెప్పి, మళ్లీ హోటలుకు పరుగెత్తింది. సాయంత్రం బజ్జీల పిండి కలపాలి.

పొద్దు వాలాక వచ్చేసరికి అతను వసారాలో కూర్చుని ఉన్నాడు. అరచేతిలో కప్ప. నిగనిగలాడే తోలు ముడతలుపడి, పొట్ట లోపలికి పీక్కుపోయి, తొడలు పుల్లల్లా అయ్యాయి. వీపు మీద రెండు ఉప్పు రవ్వలు అంటుకుని ఉన్నాయి.

"నేనే నాయనా. పాముకని. ఎగిరిపోతాదన్న్యాడు శెట్టి. సంపాలని గాదు."

అతను గోడ పట్టుకుని లేచి, కరివేపాకు చెట్టు మొదట్లో పుల్లతో గుంట తీసి పూడ్చిపెట్టాడు. లోపలికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాయిదా తప్పిన రోజు తిరిగిన గోడే.

సిద్దమ్మ చప్పిడి సొరకాయ కూర, అన్నం పెట్టి దగ్గర ఉంచింది. ముట్టలేదు. గ్లాసులో నీళ్లు పెట్టింది. ఎప్పుడూ ఆత్రంగా లాక్కునే గ్లాసు, దాని వైపు చూడనైనా లేదు. ఆమె పాదాల దగ్గర కూర్చుని మెల్లగా కాలు పట్టుకుంది. బొటనవేలు పెట్టిన చోట పడిన సొట్ట ఎంతసేపటికీ పూడలేదు.

"ఉమా."

ఆమె గ్లాసును ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"తిట్టురా నన్ను. ఏదో ఒకటి అనరాదా."

వీధిలో దీపాలు వెలిగాయి. గిడ్డమ్మ ఇంట్లో కుక్కరు కూత వేసి ఆగింది. దోమలు ముసురుతుంటే ఆమె కొంగుతో విసురుతూ కూర్చుంది. 'రేపు వస్తావా' అన్న మాట నోటి దాకా వచ్చి వెనక్కిపోయింది. దానికి బదులు ఇంకేదో నోట్లోంచి వచ్చింది.

"దాని ఒంట్లో నీళ్లన్నీ ఆ ఉప్పే గుంజేసిందా నాయనా? శానా బాధ పడుంటాదా?"

అతని వీపు కదల్లేదు. ఊపిరి ఆడుతోందా లేదా అని ఆమె కళ్లు చిట్లించి చూసింది. దీపం చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి.

"పడుంటాది," అన్నాడు అతను చివరికి, గోడ వైపే చూస్తూ. "ఆ ఇసక కడిగినా పనికిరాదు మా. ఎత్తి దూరంగా పారబోసి, కొత్తది పొయ్యి. ఇంకోటి ఏదన్నా వచ్చి కూచుంటే దానికీ అదే గతి. ఇప్పుడే చెయ్యి. తెల్లారితే టైముండదు, కర్నూలు బస్సుకు పోవాల."

సిద్దమ్మ గబగబా లేచి, కుండను రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది. తడి ఇసుకలో, అంచుల్లో ఇంకా కరగని ఉప్పుతో, కప్ప పొట్ట ఒత్తుకున్న చిన్న గుంట అలాగే ఉంది.