ఆవుల రేవు

శత్రువుగా ఉండటం టోర్కెల్ ఎక్‌లిండ్‌కి అలవాటైపోయింది. ఏటా నవంబరులో విదేశాంగ శాఖవాళ్లు, రక్షణ శాఖవాళ్లు, పరిశోధనా సంస్థల పండితులు స్టాక్‌హోమ్ దగ్గర మేలరెన్ సరస్సు ఒడ్డునున్న ఒక పాత జమీందారీ భవంతిలో రెండు రోజులు తలుపులు మూసుకుని కూర్చుంటారు. యుద్ధమే వస్తే ఏం చెయ్యాలన్నది వాళ్ల చర్చ. ఊరికే మాట్లాడుకుంటే నిద్రొస్తుందని, బల్ల మీద పటం పరిచి రెండు పక్షాలుగా విడిపోయి ఎత్తులు వేస్తారు. స్వదేశానిది నీలం రంగు, శత్రువుది ఎరుపు. ఆ శత్రువు ఎవరో లోకమంతటికీ తెలుసు, అయినా ఆ గదిలో పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎర్ర పక్షాన్ని నడపడానికి ఏళ్ల తరబడి టోర్కెల్‌నే పిలుస్తున్నారు. మెత్తటి మనిషి, ఇంట్లో పిల్లి మీద కూడా గొంతు పెంచడు. అలాంటివాడు ఎర్ర కుర్చీలో కూర్చున్నాడంటే ఎదుటి పక్షానికి కాఫీ సహించదు.

ఈసారి పటం చూడగానే టోర్కెల్‌కే కాఫీ సహించలేదు.

పటం మధ్యలో అతను పుట్టిన టెర్న్‌షేర్ ద్వీపం ఉంది. పేరు మార్చి ‘తూర్పు దిబ్బ’ అని రాశారు గానీ, సొంత ఊరి ఆకారం ఎవరికి తెలియదు? అక్క గున్‌వోర్ ఇప్పటికీ అక్కడే ఉంది, బడిలో పంతులమ్మ. ద్వీపంలో ఒక చిన్న కాపలా దళం ఉంది. ఆ సైనికుల పిల్లలు వస్తున్నారు కాబట్టే బడి నడుస్తోంది, ఆ సైనికులు ఉన్నారు కాబట్టే చలికాలంలోనూ పడవ తిరుగుతోంది. దళాన్ని ఉంచడమా ఎత్తేయడమా అన్నది క్రిస్మస్‌లోగా తేల్చాలని, ఇక్కడ తేలిన మాటే మంత్రిగారి బల్ల మీదికి వెళ్తుందని, సభ నడిపే హెడ్విగ్ మొదటి రోజు పొద్దున్నే చెప్పింది. ఆవిడ మాజీ రాయబారి. దేన్నైనా వాతావరణ సమాచారం చదివినట్టు చెబుతుంది.

ఆ తర్వాత ఆవిడ అందరివైపూ చూసి, “ఈ విషయంలో ఎవరికైనా సొంత సంబంధాలేమైనా ఉన్నాయా?” అని అడిగింది. ఏటా అడిగే ప్రశ్నే. ఏటా లాగే ఎవరూ కిమ్మనలేదు. అలా ఊరుకున్నవాళ్లలో టోర్కెల్ కూడా ఉన్నాడు. చెబితే ఎర్ర కుర్చీ ఇంకొకరికి పోతుంది. తను గదిలో ఉంటే ఊరికి కాస్త మేలు జరుగుతుందని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. కుర్చీ వదులుకోవడం ఇష్టం లేదన్నది అసలు సంగతి.

సాయంత్రం భోజనాలయ్యాక అక్క ఫోన్ చేసింది.

“ఏరా, ఈసారీ నువ్వే రష్యావాడివా?”

“అక్కా, నేనెక్కడున్నానో కూడా చెప్పకూడదు.”

“చెప్పమన్నదెవరు? గురువారం కదా, దేశమంతా తిన్నట్టే నువ్వూ బఠానీ సూపూ పాన్‌కేకూ మెక్కి కూర్చున్నావు. గొంతులోనే తెలుస్తోందిలే ఆ బరువు.”

టోర్కెల్ నవ్వాడు. అక్క నవ్వలేదు.

“రేడియోలో చెప్పారురా. ద్వీపాల సంగతి తేల్చేస్తారట. మా గురించి ఒక్క మాట వెయ్యి. కాపలావాళ్ల పిల్లలు పోతే నా బడిలో మిగిలేది ఇద్దరు. ఇద్దరి కోసం బడి నడపరు. బడి లేదంటే ఆ ఇద్దరి అమ్మానాన్నలూ మూట కట్టేస్తారు. ఇక మిగిలేది నేనూ, చర్చీ, సముద్రపు కాకులూ.”

“ఇక్కడ అలా మాటలు వెయ్యడాలు ఉండవక్కా.”

“మరి అంతమంది చేరి ఏం చేస్తున్నట్టు?”

ఫోన్ పెట్టేశాక ఒక నిర్ణయానికి వచ్చాడు. రేపు అందరూ అనుకుంటున్నట్టే దక్షిణాన పెద్ద రేవులో దిగుతాడు. దళం ఫిరంగులన్నీ అటే గురిపెట్టి ఉన్నాయి. చక్కగా ఓడిపోతాడు. కాపలా దళం భేష్ అని రాసుకుంటారు. అక్క బడి నిలబడుతుంది. ఒక్కసారి ఓడినంత మాత్రాన కొంపలేం మునగవు అనుకుని హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున కర్నల్ రుట్గెర్ నోరు ఊరుకోకపోయి ఉంటే అలాగే జరిగేదేమో. నీలం పక్షానికి పెద్ద అతనే. పెద్ద రేవు చుట్టూ తన గుర్తులన్నీ పేర్చుకుని, దాల్చినచెక్క బన్ను నములుతూ కూర్చున్నాడు.

“రావయ్యా టోర్కెల్. నీ కోసమే ఆకులేసి కూర్చున్నాం.”

నీలం పక్షమంతా నవ్వింది.

“ఏంటి, ఇంత ఆలోచిస్తున్నావు? పెద్దవాడివైపోయావులే. వచ్చే ఏడు ఎవరైనా కుర్రాణ్ని చూసుకుంటాం.”

టోర్కెల్ ఎర్ర గుర్తు చేతిలోకి తీసుకున్నాడు. పెద్ద రేవు వైపు పోవాల్సిన చెయ్యి పటం మీదుగా పైకి వెళ్లి, ద్వీపానికి ఉత్తరాన, అన్నీ రాళ్లేనని గీతలు గీసి ఉన్నచోట ఆగింది.

“ఇక్కడ దిగుతున్నాం,” అన్నాడు.

“అక్కడ రాళ్లున్నాయి,” అంది హెడ్విగ్.

“రాళ్ల మధ్య దారి ఉంది. అడుగు చదునుగా ఉన్న పడవైతే తిన్నగా గడ్డిలోకి పోతుంది.”

“పటంలో లేదు.”

“పటంలో లేదు. నీళ్లలో ఉంది.”

రక్షణ శాఖ అమ్మాయి ఒకామె విమానం నుంచి తీసిన ఫొటోలు తెరిచి, పెద్దవి చేసి చూసింది. నల్లటి రాళ్ల మధ్య నీళ్లు సన్నటి చారలా తెల్లగా ఉన్నాయి. ఎత్తు చెల్లుతుందని హెడ్విగ్ ప్రకటించింది. పది గంటల కాఫీ వచ్చేసరికి ద్వీపమంతా ఎర్రబడిపోయింది. చప్పట్లు కొట్టారు. రుట్గెర్ లేచి వచ్చి చెయ్యి కలిపాడు. టోర్కెల్‌కి పట్టరాని సంతోషం కలిగింది. నిజాయితీగా ఆడాడని తర్వాత కొందరు మెచ్చుకున్నారు గానీ, నిజాయితీ ఎక్కడుంది అందులో? ముసలాడివయ్యావని ఎత్తిపొడిస్తే రోషం వచ్చింది, అంతే. రోషంలో అక్క బడి గుర్తు రాలేదు.

మధ్యాహ్నం ముగింపు చర్చ. ముందుగా రుట్గెర్ మాట్లాడాడు. ఉత్తరాన కూడా కాపలా పెట్టేంత బలగం లేదు, ఉన్న కొద్దిమందినీ అక్కడే వదిలేస్తే చావమని వదిలేసినట్టే, కాబట్టి ముందే ఎత్తేద్దాం అన్నాడు. నాటకాలేమీ ఆడలేదు, అతని బాధ మొహంలో కనపడింది. బల్ల చుట్టూ ఒక్కొక్కరే తలూపారు. ఆ దేశంలో బల్ల చుట్టూ తలలూగడం మొదలైతే మధ్యలో ఆపేవాళ్లుండరు.

తనూ మాట్లాడతానన్నట్టు టోర్కెల్ పెన్ను పైకెత్తాడు.

“ఎర్ర పక్షం ముగింపులో మాట్లాడదు టోర్కెల్,” అంది హెడ్విగ్. “ఆ నియమం పెట్టించింది మీరే.”

నిజమే. గెలిచిన ఎర్రవాళ్లు తమ తెలివి తామే పొగుడుకుంటూ పొద్దు గడిపేస్తున్నారని విసుగొచ్చి అప్పట్లో తనే పెట్టించాడు.

“ఎర్రవాడిగా మాట్లాడను.”

“మరి ఎవరిగా?”

“ఆ ఊరివాడిగా.”

టోర్కెల్ అంతా చెప్పేశాడు. తను అక్కడే పుట్టాడు, అక్క అక్కడే ఉంది. ఆ చోటు పేరు ఆవుల రేవు. చిన్నప్పుడు వేసవి వస్తే నాన్నతో కలిసి చదును పడవలో ఆవుల్ని ఎక్కించి ఎదుటి లంకలోకి మేతకి తోలుకెళ్లి, మళ్లీ ఆ దారినే తెచ్చేవాళ్లు. ఆవులు పోయాయి, పడవ పోయింది, నాన్న పోయాడు. తన నోటి నుంచి రాకపోతే ఆ దారి సంగతి ఈ గదిలో ఎవరికీ తెలిసేది కాదు.

“నిన్న పొద్దున నేను అడిగినప్పుడు చెప్పాల్సిన మాట ఇది,” అంది హెడ్విగ్.

“చెప్పాల్సిందే. తప్పు నాది.”

“వచ్చే ఏడాది మిమ్మల్ని పిలవలేం. మీకు తెలుసు కదా.”

“తెలుసు.”

ఎర్ర కుర్చీ అంత తేలిగ్గా పోయింది. ఎవరూ గొంతు పెంచలేదు. రుట్గెర్ మాత్రం పటం మీదికి వంగి ఆ తెల్లటి చారనే చూస్తున్నాడు.

“బయటివాడికి తెలియని దారైతే నలుగుర్ని పెట్టినా చాలు, వాళ్లని సర్దగలను,” అన్నాడు. “ఊరూరా తెలిసిన దారైతే నలభై మంది కావాలి. వాళ్లు నా దగ్గర లేరు. ఇంతకీ అక్కడ ఎంతమందికి తెలుసు?”

“ఒకరిద్దరు ముసలివాళ్లకి తెలుసేమో. పిల్లలు ఆ పక్కకే పోరు. నాతోనే పోయే సంగతి.”

“గట్టిగా చెబుతున్నావా?”

“గట్టిగానే చెబుతున్నాను.”

అది నమ్మి చెప్పిన మాటే. ఊరు వదిలి వచ్చినవాడికి, తను వదిలిన రోజు దగ్గరే ఊరు ఆగిపోయినట్టుంటుంది. బల్ల చుట్టూ మళ్లీ తలలూగాయి, ఈసారి ఇంకో వైపుకి. ఉత్తరపు దారి బయటివారికి తెలియదు కనుక చిన్న దళంతోనే కాపాడవచ్చు, దళాన్ని కొనసాగించాలి అని హెడ్విగ్ రాయించింది.

స్టాక్‌హోమ్ వెళ్లే రైల్లో కూర్చున్నాక టోర్కెల్ అక్కకి ఫోన్ చేశాడు. గదిలో జరిగింది బయట చెప్పకూడదన్న నియమం ఉంది. కుర్చీయే పోయాక నియమమెందుకు అనిపించింది.

“మాట వేశానక్కా.”

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“నిజంగానా? ఏం చెప్పావురా?”

“ఆవుల రేవు గురించి చెప్పాను.”

“అయ్యో నా తండ్రీ. అంత పెద్దవాళ్ల మధ్య కూర్చుని ఆవుల గురించి చెప్పావా?” ఏడుపులోనే నవ్వింది. “పోనీలే, నీకింకా గుర్తుంది. నువ్విప్పుడు చూస్తే పోల్చుకోలేవు. వేసవి వస్తే చాలు, రంగురంగుల చిన్న పడవలేసుకుని ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. మొన్న జూలైలో అయితే ఒక గుంపు దారి తెలియక రాళ్ల చుట్టూ తిరుగుతుంటే నేనే నీళ్లలోకి దిగి చూపించాను. ఫొటోలు తీసుకుని అందరికీ పంపుకున్నారు. ఎంత మెచ్చుకున్నారో.”

టోర్కెల్ ఫోను రెండో చెవి దగ్గరికి మార్చుకున్నాడు.

“ఎక్కడివాళ్లు?”

“ఏమో, అడగలేదు. బిడియంగా ఉన్నారు, మంచివాళ్లే. బడి పంపు దగ్గర నీళ్లు పట్టుకుని వెళ్లారు.”

“రేవు నుంచి బడికి వచ్చారా?”

“గట్టెక్కితే బడే కదరా. ఇప్పుడు కొత్త బడి అక్కడే కట్టారుగా. కిటికీలోంచి చూస్తే నీళ్లు కనిపిస్తాయి. పిల్లలు లెక్కలు మానేసి అటే చూస్తుంటారు.”

సోమవారం బడిలో పిల్లలకి కోకో చేసి పెడతాననీ, తమ్ముడు స్టాక్‌హోమ్‌లో మన ఊరి గురించి మాట్లాడాడని చెబుతాననీ అంది గున్‌వోర్. సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ చెప్పకపోతే కాపలా ఉంటుంది, బడి ఉంటుంది. ఊరూరా తెలిసిన దారి ముందు నలుగురు సైనికులూ, వాళ్ల వెనక గట్టు మీద వాళ్ల పిల్లలూ ఉంటారు. చెబితే బడే ఉండదు. ఇన్నాళ్లుగా శత్రువు బుర్రతో ఆలోచించినవాడికి, ఆ గట్టెక్కడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ లెక్కగట్టి చెప్పనక్కర్లేదు. భయం వేసింది.

రైలు ఇంకా దిగక ముందే హెడ్విగ్‌కి ఫోన్ చేశాడు.

“నేను చెప్పింది తప్పు. ఆ దారి అందరికీ తెలుసు. రాసింది కొట్టేయండి.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

“మీకు ఎవరు చెప్పారు?”

“మా అక్క.”

“ఈ మాటతో ఏమవుతుందో మీ అక్కకి తెలుసా?”

“తెలియదు,” అన్నాడు టోర్కెల్. “నేనే చెప్పాలి.”